నేర్పనన్న గురువు

1924లో ఒకినావా దీవి నుంచి జపాన్ ప్రధాన భూభాగంలోని వకయామాకి పొట్ట చేతబట్టుకుని వచ్చి నూలు మిల్లులో కుదిరిన వాళ్లలో ఉయెచి కన్‌బున్ ఒకరు. అప్పటికి ఆయనకి 47 ఏళ్లు. మాట తక్కువ. మిల్లుకి వెళ్లడం, కార్మికుల ఇళ్ల వరుసలో ఉన్న తన గదికి రావడం తప్ప మరో వ్యాపకం లేనట్టు కనిపించేవారు. ఈయన చైనాలో పదమూడేళ్లు ఉండి యుద్ధవిద్య నేర్చుకొచ్చిన మనిషని పసిగట్టింది తొమొయోసె ర్యూయూ అనే తోటి ఒకినావా యువకుడు. నేర్పమని అడిగితే కన్‌బున్ ఒప్పుకోలేదు. ర్యూయూ వేరే దారి పట్టాడు. సాయంత్రం పూట వెళ్లి కూర్చుని, ఎవరైనా ఇలా పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలి, ఇటు నుంచి కొడితే ఎలా కాచుకోవాలి అని ఒక్కో సందేహమే అడిగేవాడు. అడిగినంత వరకు కన్‌బున్ చూపించేవారు. అలా రెండేళ్లు గడిచాక, ఈ ముక్కలు చాలవు, విద్య మొత్తం కావాలని ర్యూయూ గట్టిగా పట్టుబట్టాడని శిష్యపరంపర చెప్పుకుంటుంది. 1926లో కన్‌బున్ దిగివచ్చారు. కార్మికుల ఇంట్లోనే, తలుపులు వేసుకుని, నమ్మకమైన కొద్దిమందికి పాఠం మొదలైంది. ఇవాళ ఉయెచి ర్యూ పేరుతో పలు దేశాల్లో సాగుతున్న కరాటే శైలి ఆ గదిలోంచి బయటికొచ్చిందే.

ఎందుకు నేర్పనన్నారో తెలియాలంటే ఆయన బతుకులో వెనక్కి వెళ్లాలి.

కన్‌బున్ 1877లో ఒకినావా ఉత్తరాన, మొతొబు ద్వీపకల్పంలోని ఇజుమి గ్రామంలో రైతు ఇంట పుట్టారు. ఆయన రెండేళ్ల పిల్లవాడుగా ఉన్నప్పుడు, 1879లో, ర్యూక్యూ రాజ్యాన్ని జపాన్ తనలో కలిపేసుకుంది. 1898లో అక్కడి యువకులకి నిర్బంధ సైనిక సేవ వచ్చింది. దానికి ముందు ఏడాదే కన్‌బున్ సముద్రం దాటి చైనాలోని ఫుజౌ నగరం చేరారు. యుద్ధవిద్య మీది మోజుతో పాటు సైన్యంలో చేరడం ఇష్టంలేక కూడా వెళ్లారని అంటారు. అక్కడ షూ షివా అనే గురువు దొరికారు. పులి, కొంగ, డ్రాగన్ కదలికల మీద కట్టిన దక్షిణ చైనా పద్ధతి ఆయనది. దాన్ని ఒకినావా వాళ్లు పంగాయ్‌నూన్ అన్నారు. గురువు దగ్గర చదువయ్యాక కన్‌బున్ చైనాలోనే సొంతంగా ఓ శిక్షణశాల పెట్టారు. కరువు రోజుల్లో ఆయన శిష్యుడొకడు పొలం నీటి దగ్గర పొరుగువాడితో తగాదాపడ్డాడు, దెబ్బకి ఆ మనిషి చనిపోయాడు. ఈ కథ పరంపరలో వస్తున్నదే. కాలవ నీటి తగాదా ఎక్కడిదాకా వెళ్తుందో పల్లెల్లో పెరిగిన మనకి ఒకరు చెప్పక్కర్లేదు. చంపిన చేతికి విద్య ఇచ్చింది తనే అన్న బాధతో కన్‌బున్ శిక్షణశాల మూసేశారు. 1910లో స్వదేశం చేరి, పెళ్లి చేసుకుని, వ్యవసాయంలో పడ్డారు. మరి పదహారేళ్లు ఎవరికీ పద్ధతిగా పాఠం చెప్పలేదు.

అదే కాలంలో ఒకినావా కరాటే పూర్తిగా వేరే దారిలో నడుస్తోంది. ఇతొసు అంకో మాస్టారు 20వ శతాబ్దం తొలి ఏళ్లలో దాన్ని బడుల్లోకి తెచ్చారు, పిల్లలకని తేలికైన పినాన్ కటాలు (వరుసకట్టిన కదలికల పాఠాలు) కూర్చారు. ఆయన శిష్యుడు ఫునకోషి గిచిన్, స్వయంగా బడిపంతులు, 1922లో టోక్యో వెళ్లి ప్రదర్శన ఇచ్చారు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో క్లబ్బులు వెలిశాయి. తర్వాత షోటోకాన్ అయింది ఈ శాఖే. ఇలా ఒక వైపు కరాటే చదువుకున్న వాళ్ల మధ్య, పాఠ్యాంశంలాగా, వందలమంది వరుసకట్టి చేసేదిగా మారుతుంటే, ఇటు వకయామాలో మిల్లు కార్మికులు షిఫ్టు దిగాక ఒక్కొక్కరుగా నేర్చుకున్నారు. ఉయెచి ర్యూలో నన్ను పట్టి నిలిపేది ఈ పుట్టుకే. రాజాశ్రయం, విశ్వవిద్యాలయం, ప్రచారం ఏవీ లేకుండా, వలస కూలీల మధ్య పుట్టి, అడిగిన వాళ్ల పట్టుదల మీద మాత్రమే నిలబడిన విద్య ఇది.

విద్యగా దీని సరుకు చాలా కొద్ది. కన్‌బున్ తెచ్చినవి మూడే కటాలు: సాంచిన్, సెయ్‌సాన్, సాన్‌సెయ్‌ర్యూ. నాలుగోది కూడా ఆ పద్ధతిలో ఉందనీ, తను పూర్తిచేయనిది కాబట్టి దాన్ని ఆయన నేర్పలేదనీ చెబుతారు. ఆ మూడింట్లోనూ సాంచిన్‌దే పెద్దపీట. సర్వం అందులోనే ఉందని నమ్మిన మనిషి ఆయన.

చూడ్డానికి సాంచిన్‌లో ఏమీ ఉండదు. కొన్ని అడుగులు, కొన్ని తిరుగుళ్లు, వేళ్లతో పొడుపులు. చేస్తే తెలుస్తుంది. పాదాల మధ్య భుజాల వెడల్పంత దూరం, ముందు పాదం మడమ వెనక పాదం బొటనవేలికి సరిసమంగా. వేళ్లు కాస్త లోపలికి, మోకాళ్లలో చిన్న వంపు. కటిని ముడిచి వెన్ను నిటారు చేయాలి. భుజాలు దిగి ఉండాలి. మోచేతులు పక్కటెముకలకి పిడికెడు దూరం దాటకూడదు. అరచేతులు తెరిచి, వేళ్ల కొసలు భుజాల ఎత్తుకి పెట్టాలి. పాదం నేలని విడవకుండా అర్ధచంద్రంగా జరగాలి. ఇన్నిటి మధ్య ఊపిరి ఆడుతూనే ఉండాలి. ఒళ్లు బిగించగానే ఊపిరి ఆగుతుంది, ఊపిరి వదలగానే ఒళ్లు సడలుతుంది. ఈ రెంటినీ విడదీయడమే సాంచిన్ నేర్పే మొదటి పాఠం, నా లెక్కలో ఆఖరిది కూడా. ఊపిరి బిగపట్టి చేస్తే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. నడివయసులో మొదలుపెట్టేవాళ్లు ఈ ఒక్క విషయంలో గురువు మాట జవదాటకూడదు.

శిష్యుడు చొక్కా లేకుండా సాంచిన్ చేస్తుంటే గురువు చుట్టూ తిరుగుతూ భుజాల మీద చరుస్తారు, తొడల మీద తన్నుతారు, ముంజేతుల్ని నొక్కి చూస్తారు. కొత్తవాళ్లకి ఇది మొరటు పరీక్షలా కనిపిస్తుంది. మంచి గురువు చేతి కింద మాత్రం అది వెతుకులాట. ఏ కండ పనిలో లేదో, బరువు ఏ పాదం మీదికి జారిందో, ఎక్కడ అనవసరంగా బిగుసుకున్నాడో ఆ దెబ్బ చెప్పేస్తుంది. ఇత్తడి బిందె కొనేవాళ్లు వేలితో కొట్టి వింటారే, అలాగ. దెబ్బ శిష్యుడి స్థాయిని బట్టి ఉండాలి. కేవలం బలం చూపించుకోవడానికి శిష్యుల్ని బాదేవాళ్లు ఈ సంప్రదాయాన్ని పాడుచేస్తున్నట్టే.

ఆయుధాలూ విలక్షణమే. మనకి అలవాటైన పిడికిలి గుద్దు కంటే ఇక్కడ చూపుడువేలి కణుపు ముందుకు పెట్టి బొటనవేలు దన్నిచ్చే షోకెన్ ముఖ్యం. తెరిచిన వేళ్లతో పొడిచే నుకితె ఉంది. కాలితో తన్నేటప్పుడు పాదం కాదు, బొటనవేలి కొస తగలాలి. ఒకే బలం చిన్న చోట పడితే లోతుగా దిగుతుంది, ఇందులోని లెక్క అంతే. అయితే ఆ వేళ్లు ముందు తట్టుకోవాలి కదా. అందుకే జంటగా నిలబడి ముంజేతులు ఒకరివి ఒకరికి తాకిస్తూ చేసే కోతె కితాయ్, కుండల్ని మూతి దగ్గర వేళ్లతో పట్టి మోసే సాధన ఏళ్ల తరబడి సాగుతాయి. వీటిని తొందరపడి చేస్తే కీళ్లు పోతాయి. కాపుకి వాడే వా-ఉకె మరో అందమైన పని: అరచెయ్యి తెరిచి వలయంగా తిప్పడం. ఎదుటివాడి చెయ్యి పక్కకి పోతుంది, అదే తిప్పులో పట్టులోకీ వస్తుంది. దూరంగా ఉండి దూకే ఆట కాదిది, చెయ్యందే దూరంలో తేల్చుకునేది.

సాంచిన్ ఒక్క ఉయెచిది కాదు. ఫుజౌ వెళ్లొచ్చిన హిగావొన్నా కన్‌ర్యో కూడా దాన్ని తెచ్చారు. ఆయన శిష్యుడు మియాగి చోజున్ పిడికిళ్లు మూసి, శ్వాస గట్టిగా వినిపించేలా మలిచారు. గోజు ర్యూ సాంచిన్ అది. ఉయెచిలో చేతులు తెరిచే ఉంటాయి. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, పురుషుల కటా స్వర్ణం గెలిచిన ఒకినావా వీరుడు కియునా ర్యోది ర్యూఎయ్ ర్యూ. అదీ ఫుజౌ నుంచి వచ్చిందని చెప్పుకునే శాఖే. మన దగ్గర కరాటే ప్రస్తావన రాగానే కాంచీపురం నుంచి వెళ్లిన బోధిధర్ముడు నేర్పిందేనని గర్వంగా అంటాం. ఆ గాథని చరిత్రకారులు ఒప్పుకోరు. పేర్లతో, ఊళ్లతో చూపించగలిగిన దారి ఫుజౌ ఉన్న ఫుజియన్ రేవుల నుంచి ఒకినావా దాకా ఉంది. ఆ దారి వేసినవాళ్లకి దక్కాల్సిన గౌరవాన్ని మన గర్వం కోసం తీసేసుకోకూడదు.

1932లో కన్‌బున్ వకయామాలో బాహాటంగా డోజో, అంటే శిక్షణశాల, తెరిచారు. 1940లో శైలికి ఆయన ఇంటిపేరు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946లో, డోజోని ర్యూయూకి అప్పగించి ఒకినావా వెళ్లిపోయారు. 1945 యుద్ధంలో నలిగిపోయిన ఇయెజిమా అనే చిన్న దీవిలో 1948లో కన్నుమూశారు.

శైలిని లోకానికి ఇచ్చింది కొడుకు కనెయి. 1911లో పుట్టిన ఆయన తండ్రి దగ్గర నేర్చి, యుద్ధకాలంలోనే ఒకినావా చేరి, తర్వాత ఫుతెన్మాలో డోజో పెట్టారు. ఆ పక్కనే అమెరికా సైనిక స్థావరం. ఇల్లూ పొలమూ స్థావరాలకి పోగొట్టుకున్న జనం ఉన్న దీవిలో, ఆ సైనికులే శిష్యులుగా వచ్చి చొక్కాలు విప్పి సాంచిన్‌లో నిలబడ్డారు. వాళ్లలో జార్జ్ మాట్సన్ ఒకరు. ఆయనకి నేర్పింది ర్యూయూ కొడుకు ర్యూకో. మాట్సన్ 1950ల చివర్లో బోస్టన్ తిరిగి వెళ్లి పాఠాలు మొదలుపెట్టారు, 1963లో పుస్తకం వేశారు. అమెరికాలో ఉయెచి ర్యూ వేళ్లూనింది అలా. ఒకప్పుడు తండ్రి వెంటపడి సాధించుకున్న విద్యని కొడుకు పరాయి దేశపు కుర్రాడికి ఇచ్చాడు.

మూడు కటాల మధ్య ఉన్న దూరం కొత్తవాళ్లకి ఎక్కువని కనెయి, ఆయన సీనియర్ శిష్యులు మరో ఐదు కూర్చారు. వాటిలో మొదటిదైన కన్‌షివా పేరులో కన్‌బున్, షూ షివా ఇద్దరూ ఉన్నారు. దీంతో మూలం పలచబడిందనే సాధకులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల ఆవేదన అర్థం చేసుకోదగ్గదే, కానీ నేను కనెయి పక్షం. కొత్త ఐదూ సెయ్‌సాన్, సాన్‌సెయ్‌ర్యూ వైపు నడిపించే మెట్లే, వాటికి బదులుగా వచ్చినవి కావు. పైగా పాఠం మొదట్లో సాంచిన్ ఉండాలన్న నియమాన్ని ఆయన కదపలేదు. 1991లో కనెయి పోయాక శిష్యులు పలు సంఘాలుగా విడిపోయారు. కొందరు శైలి పేరే మార్చుకున్నారు. కటాల్లో ఒక చెయ్యి ఎత్తులో, ఒక తిరుగుడు కోణంలో తేడాలు వచ్చాయి. వాటి మీద వాదాలు బాగానే నడుస్తున్నాయి. ఏ సంఘంలో చేరినా, బెల్టు రంగు ఏదైనా, పరీక్షలో ముందు చేసి చూపించమనేది మాత్రం సాంచినే.