బందరు సంస్కృతి ఎవరిది?

బందరు సంస్కృతిని గురించిన వ్యాసాలు తరచు ఒకే దారిన నడుస్తాయి. 1902లో పుట్టిన కృష్ణాపత్రిక, దాని సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు, 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల, కోపల్లె హనుమంతరావు త్యాగం, హిందూ హైస్కూలులో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి పాఠాలు - ఇంతటితో వ్యాసం ముగుస్తుంది. వీటిలో తీసివేయదగినది ఒక్కటీ లేదు. కాని మహాపురుషుల పట్టిక సంస్కృతికి చరిత్ర కాజాలదని నా వాదం.

ఆ ఊళ్ళో పత్రిక అచ్చు కావడానికి ఎంతో ముందే బట్ట మీద అద్దకం అచ్చయింది. గోలకొండ రాజ్యానికి ప్రధానమైన రేవు అదే. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ అక్కడికి వచ్చింది మన బట్టల కోసం. వాటినిచ్చి తూర్పు దీవులలో మిరియాలు, సుగంధద్రవ్యాలు కొనుక్కోవడం కోసం. పర్షియా కొనుగోలుదార్ల అభిరుచి కూడా ఆ లతల్లో, పువ్వుల్లో కలిసింది. "శుద్ధమైన దేశీయత" అనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ అద్దకం ఎలా జరుగుతుంది? బట్టను కరక్కాయ, గేదెపాల రసంలో ముంచి ఆరబెడతారు. టేకు అచ్చులతో ఇనుము, బెల్లం పులియబెట్టిన నల్లరంగునూ, ఎరుపు పట్టడానికి పటికనూ అద్దుతారు. పారే నీటిలో ఉతుకుతారు. తరువాత రంగులో ఉడకబెడతారు. అచ్చు చెక్కేవాడు, అద్దేవాడు, ఉతికేవాడు, ఉడకబెట్టేవాడు - ఇన్ని చేతుల సమష్టి సృష్టి అది. నీరు ఆ ఊరికి అందం మాత్రమే కాదు, ఉత్పత్తి సాధనం.

ఈ కళ దానంతట అది క్షీణించలేదు. తమ పరిశ్రమను కాపాడుకోవడానికి ఇంగ్లండు పార్లమెంటు 1700లో అద్దకపు బట్టల దిగుమతిని నిషేధించింది. తరువాత యంత్రాల మీద అచ్చువేసిన బట్ట మన మార్కెట్టుకే వచ్చిపడింది.

జాతీయ కళాశాలను మన మిత్రులు కొందరు మధ్యతరగతి భావుకత అని కొట్టివేస్తారు. అది సరికాదు. వలస విద్యకు ఎదురు నిలిచిన సంస్థ అది. ప్రమోదకుమార్ చటోపాధ్యాయ వద్ద అడివి బాపిరాజు చిత్రకళ నేర్చింది అక్కడే. ఆ పాత్ర అభ్యుదయకరమైనదే. అయితే ఒక తేడా గమనించాలి: చిత్రకారుని పటం కింద సంతకం ఉంటుంది, అద్దకపు దుప్పటి మీద ఉండదు. ఇది ప్రతిభలోని తేడా కాదు, వర్గంలోని తేడా. ఒకదానిని కళ అనీ మరొకదానిని చేతిపని అనీ అనిపించింది ఆ తేడాయే.

నేడు పెడనలో చెక్క అచ్చు పనివానికి పోటీ స్క్రీను ముద్రణతో. రసాయన రంగులతో చవకగా తయారైన బట్ట కూడా కలంకారీ పేరుతోనే అమ్ముడుపోతున్నది. వేదికల మీద "ప్రాచీన వారసత్వం" అని పొగిడేవారు కూలి ఎంత అని అడగరు. అడగని పొగడ్త దోపిడీకి కప్పిన శాలువ.

పోచారంలో ఉన్న నాకు బందరుతో పనేమిటనవచ్చు. ఉప్పల్, నాచారం కర్మాగారాల మధ్య పెరుగుతున్న విద్యార్థులు రేపు ఈ ప్రాంతపు సంస్కృతిని రాస్తారు. వారు కూడా పేరుగలవారి పట్టికే రాస్తారా, లేక చేతులను లెక్కలోకి తీసుకుంటారా? విమర్శ తేల్చవలసిన ప్రశ్న ఇదే.