పసిపాపకు పది మార్కులు: ఒక ప్రసిద్ధ వైద్య వ్యాసముపై విమర్శ

మార్కులు వేయుట ఉపాధ్యాయులకు నిత్యకృత్యము. పుట్టిన నిమిషమునకే శిశువునకు పదింటికి ఇన్ని యని మార్కులు వేయు పద్ధతి యొకటి కలదు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున మత్తుమందు వైద్యురాలైన వర్జీనియా ఆప్గార్ 1952లో దీనిని వైద్యుల సభలో ప్రతిపాదించి, 1953లో వ్యాసరూపమున ప్రకటించెను. ఈనాటికిని ప్రసూతి గదులలో అమలులోనున్న ఈ పద్ధతి గుణదోషములను విద్యార్థులు తెలిసికొనుట మేలు.

అంతకు ముందు వైద్యులు మొదటి శ్వాసకును, మొదటి ఏడ్పునకును పట్టిన కాలమును లెక్కించెడివారు. ఇందులో నొక చిక్కు కలదు. ఒక్కసారి ఊపిరి పీల్చి, పిమ్మట కొన్ని నిమిషములు ఊపిరి లేక యుండు శిశువునకు ఏ క్షణమును లెక్కింపవలెను?

ఆప్గార్ కాలమును వదలి లక్షణములను గ్రహించెను. అవి ఐదు: గుండె వేగము, శ్వాస, ప్రేరణకు కలుగు ప్రతిక్రియ, కండరముల బిగువు, శరీరపు రంగు. ఒక్కొక్కదానికి సున్న, ఒకటి లేక రెండు మార్కులు. గుండె కొట్టుకొననిచో సున్న, నిమిషమునకు 100 కంటె తక్కువైనచో ఒకటి, ఎక్కువైనచో రెండు. మిగిలినవియు నిట్లే.

ఈ పద్ధతికి గొప్ప యంత్రములు అక్కరలేదు. కన్ను, చెవి, వ్రేళ్ళు చాలును. రచయిత్రి నిజాయితీ కూడ మెచ్చదగినది. ఐదింటిలో గుండె వేగమే ముఖ్యమనియు, రంగు మిక్కిలి అసంతృప్తికరమైన లక్షణమనియు ఆమెయే వ్రాసెను.

అయినను లోపములు లేకపోలేదు. గుండె వేగమే ముఖ్యమైనపుడు ఐదింటికిని సమానముగ మార్కులు ఎందుకు? ఒక శిశువునకు గుండె వేగమున రెండు, ప్రతిక్రియకు ఒకటి, బిగువునకు ఒకటి వచ్చి, శ్వాసకును రంగునకును సున్న వచ్చినదనుకొందము. మొత్తము నాలుగు. మరియొక శిశువునకు రంగు తప్ప తక్కిన నాలుగింటిలో ఒక్కొక్కటి వచ్చినను మొత్తము నాలుగే. మొదటి బిడ్డ ఊపిరియే తీయుటలేదు. రెండవ బిడ్డ ఎట్లో తీయుచున్నది, కాని గుండె మందగించినది. మొత్తమును మాత్రమే చూచువారికి ఈ భేదము కనబడదు.

రంగు విషయమున మన దేశములో మరింత జాగ్రత్త వలెను. ఒళ్ళంతయు గులాబి రంగుననుండిన రెండు మార్కులనుట తెల్లని చర్మమును దృష్టిలో నుంచుకొన్న కొలత. చామనచాయ బిడ్డలకు నాలుకను, పెదవుల లోపలి భాగమును చూచి నిర్ణయింపవలెను. ఇక నెలలు నిండక పుట్టిన బిడ్డకు కండరముల బిగువు సహజముగనే తక్కువ. కావున మార్కులును తగ్గును.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము వ్యాసములో లేదు, దానిని వాడుకొన్న తీరులో నున్నది. కాన్పు పద్ధతుల ఫలితములను, తల్లికిచ్చు మత్తుమందుల ప్రభావమును, శిశువునకు ఊపిరి పోయు చికిత్సలను పోల్చిచూచుటకు ఒక ఉమ్మడి కొలత కావలెననియే ఆప్గార్ ఉద్దేశము. కాని తక్కువ మార్కులు వచ్చిన బిడ్డ మందబుద్ధి యగునని కొందరు భయపడసాగిరి. ఈ మార్కులను మాత్రమే ఆధారము చేసికొని ఏ ఒక్క బిడ్డ భవిష్యత్తును చెప్పరాదని అమెరికాలోని శిశువైద్య, ప్రసూతివైద్య సంఘములు స్పష్టపరచినవి.

మార్కుల కొరకు నిమిషము వేచియుండుటయు తప్పే. ఊపిరి తీయని శిశువును వెంటనే తుడిచి, వెచ్చగా నుంచి, వీపు రుద్ది, అప్పటికిని తీయనిచో సంచీ, మాస్కులతో ఆ మొదటి నిమిషములోనే గాలి అందింపవలెను. 2009లో మన దేశమున ప్రారంభమైన నవజాత శిశు సురక్షా కార్యక్రమము ఆరోగ్య సిబ్బందికి నేర్పునది ఇదియే.

మొదటి నిమిషపు మార్కు ఆ నిమిషమున బిడ్డ స్థితిని తెలుపును. అంతకు మించి చెప్పదు. నాలుగు మార్కులతో పుట్టి, తగిన సాయమంది, ఐదవ నిమిషమునకు తొమ్మిది తెచ్చుకొను బిడ్డలు కలరు. తరగతిలో మార్కులు వేయు మనమును ఈ సంగతి గుర్తుంచుకొనదగును.