ఈల విని చెప్పే చెవి

విజయవాడ ఆటోనగర్‌లో ఓ మేస్త్రీ బానెట్ ఎత్తగానే స్పానర్ పట్టడు, ఇంజిన్ ఈలకు చెవి ఒగ్గుతాడు. నా పాత డీజిల్ కారు ఎత్తు ఎక్కలేక నల్లపొగ కక్కుతుంటే, టర్బో పోయిందనుకుని జేబు తడుముకుంటూ వెళ్లాను. నీలిపొగైతే ఆయిల్ కాలుతున్నట్టు, నల్లపొగైతే గాలి చాలనట్టట. కుర్రాణ్ణి యాక్సిలరేటర్ తొక్కమని ఇంటర్‌కూలర్ గొట్టాన్ని గుప్పిట పట్టాడు: బిగుసుకోవాల్సింది మెత్తగానే ఉంది. ఇంజిన్ ఆపి, చల్లారాక పైపు ఊడదీసి, నిమిషానికి 1,00,000 చుట్లు దాటి తిరగగల టర్బో ఇరుసును రెండు వేళ్లతో, పసివాడి పాలపన్ను చూసినట్టు, కదిపాడు. పక్కలకు వెంట్రుకవాసి ఆట ఉండొచ్చు. ముందుకీ వెనక్కీ తెలియకూడదు. మళ్లీ బిగించి, నూనె చెమ్మ కనిపించిన గొట్టం క్లిప్పు దగ్గర సబ్బునీళ్లు చల్లించి రేజ్ చేయిస్తే బుడగలే బుడగలు. "టర్బో బంగారం సార్, గొట్టం మార్చుకోండి చాలు" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.