పక్కపక్కన పెట్టి చూస్తే

కళాచరిత్ర చదువులో ఒక పాత పద్ధతి ఉంది: రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూడటం. స్విట్జర్లాండ్ పండితుడు హైన్రిఖ్ వుల్ఫ్లిన్ (1864–1945) తరగతిలో రెండు ప్రొజెక్టర్లు పెట్టి, జంట స్లైడ్లు వేసి పాఠం చెప్పేవాడు. ఒక్క బొమ్మే ఉంటే బాగుందనుకుని ముందుకు కదులుతాం. పక్కన ఇంకొకటి ఉంటే తేడా ఎక్కడుందా అని వెతుకుతాం. బీఎఫ్ఏలో పెయింటింగ్ నేర్చుకోవడానికి చేరిన నాకు చేతికి పని చెప్పిన క్లాసులు చాలా ఉన్నాయి. కంటికి పని చెప్పింది మాత్రం కళాచరిత్ర పేపరే.

మా మాస్టారు సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లి, ఒక శిల్పం ముందు నిలబడి కనిపించినదంతా రాయమనేవారు. అందం, అద్భుతం, దివ్యం అన్న మాటలు రాయకూడదని షరతు. ముసుగు రెబెకా ముందు నిలబడితే ఆ షరతు ఎంత కఠినమో తెలుస్తుంది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. ముసుగూ రాయే, ముఖమూ రాయే. మరి ముసుగు వెనక ముఖం ఉన్నట్టు ఎందుకనిపిస్తోంది? మడతలు ఎక్కడ పలచబడ్డాయి, ఎక్కడ ఒత్తుగా దిగాయి, వెలుగు ఎటునుంచి పడుతోంది అని ఒక్కొక్కటే రాసుకుంటూ పోతే తప్ప జవాబు దొరకదు. పరీక్షలో స్లైడు చూపించి పేరు, కాలం, రాజవంశం రాయమంటారు. అవన్నీ బట్టీ పట్టవచ్చు. ఈ చూపును బట్టీ పట్టలేం.

స్లైడుతో ఒక చిక్కుంది. తెరమీద శాతవాహనుల నాణెం, అజంతా గోడ, రామప్ప గుడి అన్నీ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. ఎంత ఎత్తు, ఎంత దూరం నుంచి చూడాలి, చుట్టూ చీకటా వెలుగా అన్నవి తెరకు తెలియవు. అందుకే అసలు వస్తువు దగ్గరికి వెళ్లాలి. శంషాబాద్‌లో ఉండేవాళ్లకు ఇందులో పెద్ద అదృష్టమే ఉంది. పక్కపక్కన పెట్టి చూడదగిన రెండు నిర్మాణాలు ఒకే మండలంలో, విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్నాయి. ఒకటి నర్కుడ దగ్గరి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి. రెండోది ముచ్చింతల్‌లోని రామానుజాచార్యుల విగ్రహం.

అమ్మపల్లి గుడి 13వ శతాబ్దం నాటిదని చెప్పుకుంటారు. దాని గోపురాన్ని, కోనేటిని సినిమాల్లో చూడని తెలుగువాళ్లు తక్కువ. గోపురం అంతస్తులు అంతస్తులుగా కుదించుకుంటూ పైకి లేస్తుంది. దానిమీద గచ్చు బొమ్మలు, పడుకున్న విష్ణుమూర్తి. గచ్చుపనికి ఒక స్వభావం ఉంది. వానకు పెచ్చులూడుతుంది, మళ్లీ మెత్తుతారు, రంగు వేస్తారు. అందుకే ఏ గచ్చు బొమ్మనైనా ఒక శిల్పి పని అనుకోలేం. తరాల చేతులు అందులో కలిసి ఉంటాయి. ఆ గోపురం దాటి లోపలికి నడిస్తే, గర్భగుడిలో దీపం వెలుగులో నల్లరాతి సీతారామలక్ష్మణులు.

ముచ్చింతల్ విగ్రహాన్ని 2022 ఫిబ్రవరి 5న ప్రధాని ఆవిష్కరించారు. రామానుజులు 1017లో పుట్టారు. వెయ్యేళ్ల పండుగను పురస్కరించుకుని తలపెట్టిన పని ఇది. పీఠం అడుగు నుంచి త్రిదండం కొస వరకు 216 అడుగులు. పంచలోహంతో భాగాలుగా చైనాలో పోతపోయించి, ఇక్కడికి తెచ్చి కూర్చారు. చుట్టూ 108 దివ్యదేశాల నమూనా ఆలయాలు.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టండి. రెండూ వైష్ణవానివే. పదార్థం మారింది, పని పద్ధతి మారింది. అంతకంటే పెద్ద మార్పు ఎత్తులో ఉంది. అమ్మపల్లిలో ఎత్తు వాకిలిది. గోపురం దూరాన పొలాల్లో ఉన్నవాడికి కనిపించి పిలుస్తుంది, మూర్తి మాత్రం దగ్గరికి వచ్చినవాడికే కనిపిస్తుంది. ముచ్చింతల్‌లో ఎత్తు మూర్తికే వచ్చేసింది. గోపురం చేసే పని విగ్రహమే చేస్తోంది. అయినా పాత అలవాటు పోలేదు. ఆ పీఠం లోపల 120 కిలోల బంగారు రామానుజ మూర్తి ఉంది; దాన్ని చూడాలంటే లోపలికి నడిచి వెళ్లాల్సిందే. త్రిదండం, అంజలి పట్టిన చేతులు, పద్మాసనం లాంటి గుర్తులు శతాబ్దాలుగా ఉన్నవే. పరిమాణం ఇంత పెరిగినా లక్షణం మారలేదు కాబట్టే చూడగానే రామానుజులని పోల్చుకుంటాం. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. రెండు చోట్లకూ వెళ్లి నిలబడితే తట్టింది.

అన్నిటినీ ఇలా పక్కన పెట్టుకునే వీలు మనకు లేదు. అమరావతి స్తూపాన్నే చూడండి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కోలిన్ మెకంజీ అక్కడికి వెళ్లిన తర్వాత, మరుసటి శతాబ్దంలో ఆ పాలరాయి లాంటి సున్నపురాతి ఫలకాలు చెదిరిపోయాయి. చాలావరకు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోను, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్నాయి. మన శిల్పకళకు తొలి పాఠం లాంటి ఆ ఫలకాలను మన విద్యార్థులు ఎక్కువగా ఫొటోల్లోనే చదువుకుంటున్నారు.

చదువు దగ్గరా అదే లోటు. బరోడా ఎంఎస్ యూనివర్సిటీలో, శాంతినికేతన్ కళాభవన్‌లో డిగ్రీ స్థాయిలోనే కళాచరిత్రను ప్రధాన విషయంగా తీసుకోవచ్చు. ఇక్కడ మాసబ్‌ట్యాంక్‌లోని లలితకళల విశ్వవిద్యాలయం జేఎన్ఏఎఫ్ఏయూ లాంటి చోట బీఎఫ్ఏ విద్యార్థులకు అది ప్రధానంగా ఒక థియరీ పేపర్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పీజీ దాకా ఆగాలి. ఈ చదువుకు ఉద్యోగం ఏముందని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మ్యూజియాలు, పురావస్తు శాఖలు, గ్యాలరీలు, కట్టడాల పరిరక్షణ, ప్రచురణ, బోధన ఉన్నాయి. ఇంజినీరింగ్‌లో ఉన్నన్ని కొలువులు ఉండవు, నిజమే. కానీ చూపున్న ఒక్క మనిషి ఒక నగరానికి ఎంత చేయగలడో హైదరాబాద్‌కు తెలుసు. శాంతినికేతన్‌లో చదివి 1950ల మొదట్లో ఇక్కడికొచ్చి స్థిరపడిన జగదీశ్ మిత్తల్, భార్య కమలతో కలిసి సేకరించిన దక్కనీ చిత్రాలు, వస్త్రాలు, బిద్రీ సామాన్లు ఈ రోజు వాళ్ల పేరుమీద మ్యూజియంగా నిలిచాయి. అవి ఎక్కడివో, ఎప్పటివో తేల్చింది పక్కపక్కన పెట్టి చూసే ఆ చూపే.

మన విశ్వవిద్యాలయాలకు నా విన్నపం: కళాచరిత్రలో డిగ్రీ కోర్సు పెట్టండి, పాఠ్యపుస్తకాలు తెలుగులోనూ రాయించండి. ఇంటర్ పిల్లలున్న తల్లిదండ్రులకు ఇంకొకటి. విమానాశ్రయంలో ఎవరినైనా దిగబెట్టి వచ్చేటప్పుడు అమ్మపల్లి దగ్గర ఆగండి, మరోసారి ముచ్చింతల్ దగ్గర ఆగండి. రెండు చోట్లా పిల్లల చేతికి ఒక కాగితం ఇచ్చి, కనిపించినది రాయమనండి. రాయడం ఆపకుండా ఇంకా ఇంకా చూసే పిల్ల కనిపిస్తే, ఆ పిల్లను ఈ చదువుకు పంపండి.