విన్న మాట అప్పజెప్పాలి

రైల్వే గేటు పడిందంటే మనకు ఎక్కడలేని విసుగు. రైలు కనుచూపు మేరలో లేదు, అప్పుడే గేటు వేసేశాడని గేట్‌మ్యాన్‌ను తిట్టుకుంటాం. పక్కనున్న ఆ చిన్న గదిలో అంతకుముందు ఏం జరిగిందో తెలిస్తే ఆ విసుగు సగం తగ్గుతుంది. ముందు ఫోన్ మోగుతుంది. బండి నంబరెంతో, ఎటు నుంచి వస్తోందో స్టేషన్ మాస్టర్ చెబుతాడు. గేట్‌మ్యాన్ ఆ మాటలన్నీ తిరిగి చెబుతాడు. బయటికి వచ్చి గేటు వేసి, తాళం సరిగ్గా పడిందో లేదో చూసుకుంటాడు. మళ్లీ లోపలికి వెళ్లి, ఒక కాగితం మీద వరుసగా అచ్చువేసిన రెండంకెల సంఖ్యల్లో తన వంతుకు వచ్చినదాన్ని ఫోన్‌లో చదివి వినిపిస్తాడు. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. స్టేషన్ మాస్టర్ దాన్ని రిజిస్టర్‌లో రాసుకుంటాడు, గేట్‌మ్యాన్ తన కాగితం మీద కొట్టేస్తాడు. వాడిన నంబరు మళ్లీ వాడరు.

గేటు పడిందని నోటితో చెబితే రైల్వేకు చాలదు. ఆ మాట ఎవరు, ఎప్పుడు, ఏ బండికి చెప్పారో తేల్చే గుర్తు ఒకటి ఉండాలి. ఇప్పుడు చాలా గేట్లను సిగ్నళ్లతో ముడిపెట్టారు. గేటు పడనిదే పచ్చలైటు రాదు. అయినా ఎన్నో చోట్ల ఆ ఫోను, ఆ నంబరు అలాగే ఉన్నాయి.

పని చోట చెప్పిన మాట వినడం, చెప్పినట్టు చేయడం గురించి ఈ వారం రాద్దామనుకున్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఈ పద్ధతే. వినడమంటే బుద్ధిగా తలూపడమని చిన్నప్పటి నుంచి మనకు నేర్పారు. బడిలో, ఇంట్లో, తర్వాత ఆఫీసులో తలూపినవాడే మంచివాడు. కానీ తలూపడం వల్ల చెప్పినవాడికి తెలిసేదేమీ లేదు. విన్నవాడి బుర్రలోకి ఏం వెళ్లిందో బయటపడాలంటే అతని నోటితో అది మళ్లీ రావాలి. వినడం అక్కడ పూర్తవుతుంది. చెప్పడం కూడా అక్కడే పూర్తవుతుంది.

మహబూబ్‌నగర్ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచి, ఇంజన్ పక్కన నిలబడి బండి కదిలేటప్పుడు చూడండి. లోపల లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరుంటారు. సిగ్నల్ ఇద్దరికీ కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఒకరు చెయ్యి చాపి దాన్ని చూపిస్తూ "స్టార్టర్ గ్రీన్" అంటారు, రెండోవారు అదే మాట తిరిగి అంటారు. దారిలో వచ్చే ప్రతి సిగ్నల్‌కూ ఇదే వరస. కళ్లెదురుగా ఉన్న రంగును పైకి చెప్పడమెందుకని చూసేవాళ్లకు అనిపిస్తుంది. రాత్రి రెండు దాటాక, వరసగా నలభయ్యో యాభయ్యో పచ్చలైట్లు చూసిన కంటికి పసుపు కూడా పచ్చగానే కనిపించవచ్చు. కన్ను అలవాటు మీద నడుస్తుంది. నోరు పలికి, చెయ్యి చూపించి, చెవి విన్నప్పుడు ఆ అలవాటుకు అడ్డుకట్ట పడుతుంది. ఒకరు తప్పు పలికితే పక్కవారు పట్టుకుంటారు.

ఈ పద్ధతిని ఎక్కువ పట్టుదలతో పాటించేది జపాన్ రైల్వేలు. అక్కడ డ్రైవరు, గార్డు, ప్లాట్‌ఫాం మీది ఉద్యోగి అందరూ వేలు చూపించి పైకి చెబుతారు. 1994లో అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ దీన్ని పరీక్షించి చూసింది. మామూలుగా చేస్తే ప్రతి 100 పనులకు 2.38 తప్పులు దొర్లాయి. వేలు చూపించి పైకి చెబుతూ చేస్తే అవి 0.38కి తగ్గాయి. అంటే దాదాపు 84 శాతం తప్పులు పోయాయి. కొత్త యంత్రం కొనలేదు, కొత్త మనుషుల్ని పెట్టలేదు. అవే చేతులు, అదే పని. 1996 నుంచి న్యూయార్క్ సబ్‌వే కండక్టర్లు కూడా బండి ఆగగానే ప్లాట్‌ఫాం మీద ఉండే చారల బోర్డును వేలితో చూపించాకే తలుపులు తెరుస్తున్నారు.

మా మహబూబ్‌నగర్ జిల్లాకు రైలు పట్టాలతో ఒక పాత దుఃఖముంది. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. అప్పటికి మనం ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్నాం. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర మరో ఘోర ప్రమాదం జరిగింది. శాస్త్రి మళ్లీ రాజీనామా ఇచ్చారు, ఈసారి ఆమోదం పొందింది. ఆ వంతెన ఆయన కట్టించింది కాదు, ఆ రాత్రి ఆ బండిని పంపించిందీ ఆయన కాదు. కానీ ఒక వ్యవస్థలో కింది చివర జరిగే ప్రతి పనికీ పై చివర ఒక బాధ్యుడు ఉండాలని ఆయన నమ్మారు. చెప్పిన పని జరగకపోతే ముందు కిందివాడి మీద విరుచుకుపడే అధికారులను చూసినప్పుడల్లా నాకు మా జిల్లా పేరుతో ముడిపడిన ఆ మొదటి రాజీనామా గుర్తొస్తుంది.

అలాంటి ప్రమాదాలు జరగకుండా వానాకాలం రాత్రుళ్లు ఇప్పటికీ పట్టాల వెంట మనుషులు నడుస్తుంటారు. స్టేషన్ల మధ్య దారిని బీట్లుగా పంచుకుని, లైటు, డిటోనేటర్లు వెంట పెట్టుకుని పెట్రోల్‌మ్యాన్లు తిరుగుతారు. ఒక బీటువాడు నడిచొచ్చి పక్క బీటువాడిని కలుసుకున్నాక ఇద్దరూ పుస్తకాలు మార్చుకుంటారు. ఇద్దరూ చివరిదాకా నడిచారనడానికి అదే రుజువు. ఎక్కడైనా కట్ట కోసుకుపోయిందనో వంతెన దగ్గర నీళ్లు పట్టాల మీదికి వచ్చాయనో కనిపిస్తే ఏం చేయాలో వాళ్లకు కంఠతా వచ్చు. ఎర్రలైటు చూపిస్తూ బండి వచ్చే వైపు వెళ్లాలి. బ్రాడ్ గేజ్ మీద 600 మీటర్ల దూరంలో పట్టాల మీద ఒక డిటోనేటర్ పెట్టాలి. 1200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. చక్రం ఎక్కగానే అవి పేలతాయి, ఆ చప్పుడుకు పైలట్ బ్రేకు వేస్తాడు.

ఈ అంకెలు వాళ్లకు అంత బాగా ఎందుకు గుర్తుంటాయి? ఆ దూరం ఎందుకో వాళ్లకు తెలుసు. వేగంగా వచ్చే బండి బ్రేకు వేసిన చోటే ఆగదు, చాలా దూరం జారుకుంటూ వచ్చి ఆగుతుంది. డిటోనేటర్లు దగ్గర్లో పెడితే పేలి కూడా ప్రయోజనం లేదు. కారణం తెలిసినవాడు చీకట్లో, వానలో, ఒంటరిగా ఉన్నా దూరం తగ్గించడు. కారణం తెలియనివాడికి 1200 అయినా 800 అయినా ఒక్కటే. పని చెప్పేటప్పుడు ఎందుకో కూడా చెప్పాలని నేను అనేది ఇందుకే.

నేను పేపర్ డెస్కులో పనిచేసిన రోజుల్లో మండలాల నుంచి విలేకరులు ఫోన్‌లోనే వార్తలు చెప్పేవారు. లైన్ గరగరలాడేది. దేవరకద్ర అంటే దేవరకొండ అని వినిపించేది. ఒకటి మా జిల్లాలో, ఇంకొకటి నల్లగొండలో. ఇరవై అంటే అరవై అని వినిపించేది. అక్కడి సీనియర్ సబ్ ఎడిటర్ ఒకాయన మాకు ఒకటే నేర్పారు. ఊరి పేరును అక్షరం అక్షరం విడదీసి అవతలివారికి వినిపించాలి, అంకెను "ఆరు, సున్నా" అని విడివిడిగా చదివి వినిపించాలి, అవతలి నుంచి "అవును" అన్నాకే కలం ముందుకు కదలాలి. ఎందుకో కూడా ఆయనే చెప్పారు. ప్రమాదం వార్తలో ఒక ఊరి పేరు తప్పు పడితే, ఏమీ జరగని ఇంకో ఊళ్లో ఏడుపు లేస్తుంది. ఆ మాట విన్నాక తిరిగి చదివి వినిపించడం మాలో ఎవరికీ చాదస్తం అనిపించలేదు.

ఇప్పుడు అసలు నా మనసులో ఉన్న చోటికి వస్తాను. మా మహబూబ్‌నగర్‌కే పాలమూరు అని పేరు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, సొరంగాలు, పెద్ద పెద్ద భవనాలు ఎక్కడ కట్టినా మా వాళ్ల చేతులు పడ్డాయి. భాష తెలియని చోట్లలో, గుంపు మేస్త్రీ చెప్పిందే వేదంగా పనిచేశారు. అక్కడ మాట ఎలా ప్రయాణిస్తుందో చూడండి. ఇంజనీరు ఇంగ్లిష్‌లో సూపర్‌వైజర్‌కు చెబుతాడు. సూపర్‌వైజర్ హిందీలో మేస్త్రీకి చెబుతాడు. మేస్త్రీ తెలుగులో కూలీలకు చెబుతాడు. స్పాన్ నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబు కింద సెంట్రింగ్ పలకలు ముందే విప్పినా, వెంటనే మళ్లీ ఆసరాలు నిలబెట్టి 14 రోజులదాకా ఉంచాలన్నది నిబంధన. ఆ ఒక్క మాటలో రెండు పనులు, ఒక గడువు, ఒక షరతు ఉన్నాయి. మూడు నోళ్లు దాటేసరికి అది "సెంట్రింగ్ వచ్చే వారం విప్పుర్రి" అయిపోతుంది. ఆసరాల సంగతే ఎగిరిపోతుంది.

మేస్త్రీ చివర్లో "సమజైందా?" అంటాడు. "ఆ, అయింది" అంటారు. ఇంకేం అంటారు? కాలేదంటే పని రానివాడని పేరు పడుతుంది, తీసుకున్న అడ్వాన్సు మెడ మీద ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు ముందే రాసిపెట్టి ఉంది. తర్వాత స్లాబు కూలితే, "చెప్పిన మాట వినలేదు" అని కూలీ మీదే రాస్తారు. నిజానికి ఆ కూలీ విన్నది పూర్తిగా విన్నాడు. అతని దాకా వచ్చిందే సగం. "ఇప్పుడు నేనేం చెప్పిన? ఏది ముందు తీస్తవ్, ఏది ఉంచుతవ్, నువ్వు చెప్పు" అని మేస్త్రీ ఒక్కసారి అడిగి ఉంటే ఆ సగం అక్కడికక్కడే బయటపడేది. అదే ప్రశ్న సూపర్‌వైజర్ మేస్త్రీని, ఇంజనీరు సూపర్‌వైజర్‌ను అడగాలి. గొలుసులో ఒక్క లంకె దగ్గర అడగకపోయినా ఫలితం ఒకటే.

తిరిగి అప్పజెప్పించుకోవడంతో కూడా అయిపోదు. విన్నవాడికి సందేహం వస్తే అడిగే ధైర్యం ఉండాలి, చెప్పినవాడికి ఆగి వినే ఓపిక ఉండాలి. 1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరిఫెలోని విమానాశ్రయంలో దట్టమైన పొగమంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక విమానం టేకాఫ్‌కు పరుగందుకుంటుంటే, రెండోది రన్‌వే ఇంకా ఖాళీ చేయలేదేమోనన్న అనుమానం కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజనీర్‌కు వచ్చింది, అడిగాడు కూడా. కెప్టెన్ ఖాళీ అయిందని గట్టిగా చెప్పేసరికి ఆ అనుమానం అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాతే వైమానిక రంగంలో "ఓకే" అన్న జవాబు సరిపోదని, ముఖ్యమైన ఆదేశాన్ని పైలట్ తిరిగి చదివి వినిపించాలని నిబంధన పెట్టారు. అనుమతి ఇచ్చేటప్పుడో దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప "టేకాఫ్" అన్న మాటనే కంట్రోలర్ వాడకూడదన్నారు. చిన్న ఉద్యోగికి వచ్చిన అనుమానాన్ని పెద్ద ఉద్యోగి లెక్కచేయాలని పైలట్లకు ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వడం మొదలైంది.

ఈ అప్పజెప్పే పద్ధతికి ఒక ప్రమాదం ఉంది, అదీ చెప్పాలి. రోజూ చేసే ఏ పద్ధతైనా కొన్నాళ్లకు పలుకే మిగిలి ధ్యాస పోతుంది. గేటు వేయకుండానే నంబరు చదివినా, సిగ్నల్ వైపు చూడకుండానే "గ్రీన్" అన్నా అది పద్ధతికి శవమే. అందుకని చిలక పలుకులా అప్పజెప్పించుకోకూడదు. "నీ మాటల్లో చెప్పు" అనాలి. "ఇలా జరిగితే ఏం చేస్తావు?" అని ఒక అడుగు పక్కకు వేసి అడగాలి. సొంత మాటల్లో చెప్పాలంటే ఎవరైనా ఆలోచించే చెప్పాలి.

మా లైనులో రైల్వే బాగానే ముందుకు పోయింది. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల రెండో లైను, విద్యుదీకరణ 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమయ్యాయి. ఎర్ర సిగ్నల్ దాటబోతే తానే బ్రేకు వేసే కవచ్ కూడా ఈ దారిలో పెట్టారు. చాలా సంతోషం. కానీ సెంట్రింగ్ కింద నిలబడే మనిషికి, బాయిలర్ దగ్గర పనిచేసే మనిషికి, ఆస్పత్రిలో ఫోన్ మీద మందు పేరు విని రాసుకునే నర్సుకు కవచ్ లేదు. వాళ్లకున్నది మాట ఒక్కటే.

కాబట్టి పని చెప్పే స్థానంలో ఉన్న ప్రతివారినీ నేను అడిగేది ఇదే. మేస్త్రీ అయినా, హెడ్మాస్టర్ అయినా, తహసీల్దార్ అయినా రేపటి నుంచి "అర్థమైందా" అనే ప్రశ్న మానేయండి. ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో, ఎందుకో చెప్పి, "ఇప్పుడు మీరు చెప్పండి" అని అడగండి. వాళ్లు తడబడితే కోపం తెచ్చుకోకుండా మళ్లీ చెప్పండి. అర నిమిషం కంటే ఎక్కువ పట్టదు. ఆ అర నిమిషం నిలబడి విననివారికి, పని చెడ్డాక "నేను చెప్పాను కదా" అనే హక్కు ఉండదు.