నీటి మీది విజయపురి

మేము కాపురముండు దోణిమలై పేరులోనే ఒక పడవ యున్నది. కన్నడమున దోణి యనగా పడవయే గదా! ఇనుపరాతి కొండల నడుమ బ్రదుకు మనకు పడవతో పని యంతగా లేదు. అయినను మొన్నటి సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని, బళ్ళారి, గుంతకల్లుల మీదుగా మాచర్ల చేరి, నాగార్జునసాగరమున లాంచి యెక్కి నాగార్జునకొండ దీవిని చూచి వచ్చితిమి. యాత్రా విశేషములను వర్ణించుట మా యుద్దేశము కాదు. ఆ దీవిని ఒక గ్రంథమువలె చదివి, దాని గుణదోషములను తూచి చూడదలచితిమి.

అది పుట్టుకతో దీవి కాదని మొదట గ్రహింపవలెను. క్రీస్తు శకము 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకు రాజుల రాజధాని యైన విజయపురి కృష్ణ యొడ్డున, కొండలు చుట్టిన లోయలో విలసిల్లినది. 1926లో దాని శిథిలములు పండితుల కంటబడినవి. 1955 డిసెంబరు 10న సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. లోయ మునుగనున్నదని తెలిసి, 1954 మొదలు 1960 వరకు పురావస్తు శాఖ వారు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యమున విరివిగా త్రవ్వకములు సాగించిరి. ముఖ్యమైన కట్టడములు కొన్ని కొండపైకిని, ఒడ్డుననున్న అనుపునకును తరలింపబడినవి. పిదప నీరు నిండెను. కొండ శిఖరము దీవి యయ్యెను. కనుక లాంచిలో సాగు యాత్రికుడు చూడబోవు నగరము ముందున్నదని తలచును గాని, ఆ నగరపు వీథులు అతని పడవ క్రిందనే యున్నవి.

మధ్యధరా సముద్రమున క్రీటు దీవికి నావలలో పోవువారు క్నోసస్ ప్రాసాదమును చూతురు. 1900లో అచట త్రవ్వకము ప్రారంభించిన ఆర్థర్ ఇవాన్స్, పడిన గోడలను కాంక్రీటుతో నిలిపి రంగులు వేయించెను. అది పునరుద్ధరణమా, కల్పనమా యను వాదము నేటికిని తీరలేదు. అచట స్థలము నిజము; కట్టడములో ఊహ పాలు కలదు. నాగార్జునకొండలో రాళ్ళు నిజమైనవే, స్థలము మారినది. ఏ చైత్యము ఏ విహారమునకు ఎంత దూరమున నుండెనో, నదీ ఘట్టమునుండి కోటకు ఎట్లు పోయెడివారో, కొండపై నిలిచి కనులతో తెలిసికొన జాలము. ఈ లోపము తరలించినవారిది కాదు. వారు పూనుకొనకున్నచో ఆ రాళ్ళును జలగర్భమున నుండెడివి. లోపము మన చూపులోనిది. మనము ఒక గంటలో దీవి చుట్టి, ఛాయాచిత్రములు తీసికొని, విజయపురిని చూచితిమని తృప్తి పడుచున్నాము.

మరియొక లోపము గొప్పలు చెప్పుకొనుట. అనుపులోని మెట్ల రంగస్థలమును చూడగానే అది రోము నుండి వచ్చినదని కొందరు, రోమునకే మనము నేర్పితిమని కొందరు తీర్మానింతురు. ఇక్కడ రోమను బంగారు నాణెములు దొరికిన మాట సత్యము. శాసనములలో యవన, చీన, తామ్రపర్ణి దేశముల ప్రసక్తి కలదు. రాకపోకలకు ఇవి చాలినంత సాక్ష్యము. పోలిక మాత్రము చూచి పుట్టుకను నిర్ణయించుట విమర్శ కాదు.

మాకు మిక్కిలి విలువైనదిగా తోచినది ఒక స్త్రీ శాసనము. వీరపురుషదత్తుని కూతురు, ఎహువుల శాంతమూలుని సోదరి యైన కొడబలిసిరి వనవాస మహారాజునకు దేవి యయ్యెను. ఆ వనవాసి నేటి కర్ణాటకములోని బనవాసియే. కన్నడ సీమలో మెట్టిన ఆ యింతి, పుట్టినింటి నగరమున మహీశాసక శాఖాచార్యులకు విహారము కట్టించి, తన యిరువంకల బంధుత్వమును రాతిపై వ్రాయించినది. శాసన భాష ప్రాకృతము. పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండును చెప్పుకొనుటలో ఆమెకు సంకోచమే లేదు. మన కుటుంబముల వారికి ఇంతకంటె దగ్గరి చరిత్ర యేది?

తిరుగు ప్రయాణమున మా పిల్లవాడొకడు, ‘ఈ రాళ్ళు ఇక్కడివేనా?’ యని యడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. మనలను గూర్చియు ఇరుగుపొరుగులు అదే ప్రశ్న వేయుచుందురు గదా! ‘ఇక్కడివి కావు, అయినను ఇక్కడ నిలిపినారు గనుక నిలిచినవి, ఎక్కడివో చెప్పగలిగినంత కాలము వాటి విలువ చెడదు’ అని గుంతకల్లు దాటిన పిదప చెప్పితిమి. ఆ చెప్పగలుగుటయే మన పని. ఇకమీద దీవికి పోవు వారు లాంచి యెక్కుటకు ముందే లోయ పటమును పిల్లలకు చూపి, మునిగిన నగరము ఏ దిక్కున నున్నదో తెలిపి, తరువాతనే కొండ మీది రాళ్ళను చూపింతురు గాక!