ఖాళీ చేశాక ఏం నింపాం?

గార్లదిన్నె ఎండాకాలం గాలిని మెచ్చుకునేవాళ్లు తక్కువ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా పడీపడని జిల్లా మాది. కానీ వాక్యూమ్ పంపులతో పనిచేసినవాణ్ణి అడగండి, ఈ పొడి గాలి విలువ చెప్తాడు. ఛాంబర్ మూత తెరిచినప్పుడల్లా లోపలి గోడలకు నీటి ఆవిరి పట్టుకుంటుంది. మళ్లీ మూసి పంపు వేస్తే నైట్రోజన్, ఆక్సిజన్ తొందరగానే పోతాయి. నీరే మొండిది, గోడ వదలదు. కోస్తా ఊళ్లలో వానాకాలంలో రాత్రంతా పంపు నడిపినా గేజి కిందికి దిగక విసుక్కున్న రోజులు నాకున్నాయి.

లేజర్‌తో పలుచని పొరలు వేసే పని గురించి చెప్తున్నాను. పల్స్‌డ్ లేజర్ డిపోజిషన్, మా వాళ్ల నోట పీఎల్‌డీ. 1965లోనే స్మిత్, టర్నర్ అనే ఇద్దరు రూబీ లేజర్‌తో దీన్ని చేసి చూశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1987లో అమెరికాలోని బెల్‌కోర్‌లో డైక్‌క్యాంప్, వెంకటేశన్ బృందం ఇదే పద్ధతిలో సూపర్‌కండక్టర్ పొర వేశాక ప్రపంచమంతా దీని వెంట పడింది. 248 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, కొన్ని పదుల నానోసెకన్ల మెరుపు. అది టార్గెట్ బిళ్ల మీద పడగానే పదార్థం ప్లాస్మాగా ఎగజిమ్ముతుంది. ఆ మంటను ప్లూమ్ అంటాం. నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో, ఎదురుగా వేడెక్కిన సబ్‌స్ట్రేట్ ఉంటుంది. పొర దాని మీద పెరుగుతుంది.

కొత్తగా చేరిన విద్యార్థులందరిదీ ఒకటే ఆరాటం, వాక్యూమ్ ఎంత బాగా వచ్చిందని. ఒత్తిడి టార్‌లో (వాక్యూమ్ కొలిచే యూనిట్) పది లక్షల్లో ఒక వంతుకు దిగితే పండగే. నన్నడిగితే అది సగం పని కూడా కాదు. అంత కష్టపడి ఖాళీ చేసిన ఛాంబర్‌లోకి మనమే మళ్లీ గ్యాస్ వదులుతాం. ఏ గ్యాస్, ఎంత అన్నదే పొర తలరాత.

ఆ లోతు వాక్యూమ్‌లో ఒక అణువు ఇంకోదాన్ని ఢీకొనకుండా సుమారు 50 మీటర్లు పోగలదు. ఛాంబర్ మొత్తం కలిపినా అర మీటరు ఉండదు. అంటే ప్లూమ్‌కు అడ్డే లేదు. సెకనుకు పది కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలే అయాన్లు అప్పటికే అంటుకున్న పరమాణువులను కూడా పీకేస్తాయి. అదే 100 మిల్లీటార్ ఆక్సిజన్ వదలండి, ఆ 50 మీటర్లు అర మిల్లీమీటరుకు పడిపోతుంది. ప్లూమ్ అంచులు తేటపడతాయి, వెలుగు పెరుగుతుంది, వేగం చస్తుంది. చేయి తిరిగినవాడు అద్దంలోంచి ప్లూమ్ కొస ఎక్కడిదాకా వచ్చిందో చూసే ఒత్తిడి సరిచేస్తాడు.

ఆక్సిజన్ రెండు పనులు చేస్తుంది: వేగాన్ని తగ్గిస్తుంది, పొరలో తానూ చేరుతుంది. ఏది ఏ పని ఫలితమో తెలియాలంటే అదే ఒత్తిడిలో ఆర్గాన్ వాడి చూడాలి. ఆర్గాన్ అడ్డుపడుతుంది గానీ దేనితోనూ కలవదు. హీలియం మరీ తేలిక, బరువైన పరమాణువులకు పెద్దగా అడ్డే కాదు. ఇంత చిన్న పరీక్ష కూడా చెయ్యకుండా ‘ఆక్సిజన్ ప్రభావం’ అని థీసిస్ రాసేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

మన దగ్గరి ఉదాహరణకు తిరుపతి వెళ్దాం. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన ఓ.ఎం. హుస్సేన్, పరిశోధకులు సి.వి. రమణ, పారిస్‌లోని జూలియన్ తదితరులతో కలిసి వనేడియం పెంటాక్సైడ్ పొరలను ఈ పద్ధతిలోనే పెంచారు. పెంచిన తీరుకూ పొర నిర్మాణానికీ కాంతి గుణాలకూ ఉన్న లంకెను 2005లో ‘కెమిస్ట్రీ ఆఫ్ మెటీరియల్స్’ పత్రికలో వివరించారు. వనేడియం ఆక్సిజన్ విషయంలో మహా పట్టింపు గల లోహం. ఆక్సిజన్ చాలినంత ఉంటే పసుపు రంగు పెంటాక్సైడ్, లిథియం బ్యాటరీకి పనికొచ్చేది. తగ్గిస్తే డయాక్సైడ్, 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర విద్యుత్ బంధకం నుంచి లోహంలా మారిపోయేది. ఇంకా తగ్గిస్తే మరొకటి.

లిథియం ఉన్న పొరలకు ఇంకో చిక్కుంది. కళ్లంలో శెనక్కాయ తూర్పారబట్టినప్పుడు పొట్టు గాలికి పోయి కాయ కిందపడ్డట్టే, గ్యాస్‌లో తేలిక పరమాణువులు పక్కలకు చెదిరి బరువైనవి నేరుగా వస్తాయి. అందుకే టార్గెట్‌లో లిథియాన్ని ముందే కాస్త ఎక్కువ కలుపుతారు. గ్యాస్ మరీ పెంచి కొన్ని టార్‌లకు తీసుకుపోతే పదార్థం దారిలోనే గడ్డకట్టి నానో కణాలవుతుంది. పొర వేలితో తుడిస్తే ఊడొస్తుంది. సెన్సర్లకు అలాంటి గుల్ల పొరే కావాలనుకోండి, అది వేరే సంగతి.

పొర వేయడం అయిపోయాక కూడా గ్యాస్ పని అయిపోదు. 92 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అయ్యే ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్‌ను ఆక్సిజన్ దండిగా నింపి నెమ్మదిగా చల్లార్చాలి. వాక్యూమ్‌లో చల్లారిస్తే ఫార్ములాలో ఏడుండాల్సిన ఆక్సిజన్ ఆరు వైపు జారి, చివరికి బంధకం మిగులుతుంది. ఇదే పద్ధతిలో పొర వేసి 2004లో ఓటోమో, హ్వాంగ్ అనే శాస్త్రవేత్తలు రెండు బంధకాలు కలిసిన చోట విద్యుత్తు పారుతోందని చూపి అందరినీ ఆశ్చర్యపరిచారు. తక్కువ ఆక్సిజన్‌లో పెంచిన నమూనాల్లో ఆ ప్రవాహం చాలావరకు సబ్‌స్ట్రేట్‌గా కిందనున్న స్ట్రాన్షియం టైటనేట్‌లోంచి ఆక్సిజన్ ఊడిపోవడం వల్లేనని తర్వాత తేలింది. మహామహులకే గ్యాస్ ఇంత పని పెట్టింది.

పరిశోధన చేస్తున్న పిల్లలకు నా విన్నపం ఒక్కటే. నోట్‌బుక్‌లో ‘ఆక్సిజన్ 100 మిల్లీటార్’ అని రాసి ఊరుకోకండి. ఏ గేజితో కొలిచారో రాయండి, ఎందుకంటే నైట్రోజన్‌కు సరిచేసిన పిరానీ గేజి ఆర్గాన్‌కు అబద్ధం చెప్తుంది. టార్గెట్‌కూ సబ్‌స్ట్రేట్‌కూ మధ్య దూరం రాయండి. ఏ గ్యాస్‌లో, ఎంత ఒత్తిడిలో చల్లార్చారో రాయండి. ఈ మూడూ లేకపోతే మీ పొరను ఇంకో ఊళ్లో ఎవరూ మళ్లీ వేయలేరు.